వెనక్కి తిరిగే చోటు

బిముర్జా పోయింది కొండ మీద కాదు.
ఇంటి వెనక బేరిచెట్టుకు వేసిన నిచ్చెన
మూడో మెట్టు విరిగి.
నలభై ఏళ్ళు ఉష్బా గోడల మీద
బల్లిలా పాకిన మనిషి
డెబ్బై తొమ్మిదో ఏట, జేబుల నిండా పళ్ళతో.
స్వానేతీలో ఈ మాట విన్నవాళ్ళు
ముందు నవ్వుతారు, తర్వాత టోపీ తీస్తారు.

ఏడాది తిరిగింది.
చీకటితోనే బయల్దేరాం ముగ్గురం:
నేను, గొర్రెలు కాసే వార్డెన్,
ఆయన మనవరాలు త్సియూరి, పందొమ్మిదేళ్ళది.
సంచిలో మాంసం కూరిన రొట్టె,
మెంతులూ వెల్లుల్లీ కలిపి నూరిన ఉప్పు,
పైన ఆయన పాత తాడు.
దాన్ని నమ్మి ఇప్పుడెవరూ ఎక్కకూడదు.
ఊరికే మోసుకెళ్తున్నాం,
ముసలి కుక్కను ఎండకు తీసుకెళ్ళినట్టు.

రాతి బురుజులు ఇంకా నిద్రలో ఉన్నాయి.
మంచు కింద నీళ్ళు తమలో తాము గొణుక్కుంటున్నాయి.
వార్డెన్ మాట్లాడడు.
అతని మోకాళ్ళు మాట్లాడతాయి.

కాలు జారితే తీసుకోవచ్చు,
నోరు జారితే తీసుకోలేం అంటారు
చదును నేల మీద బతికేవాళ్ళు.
బిముర్జా దాన్ని తిరగేసి నేర్పాడు:
నోరు ఎంతైనా జారనీ,
తిట్టు, ఏడువు, నన్ను ముసలి మేక అను,
కాలు మాత్రం నీ మాట వినాలి.

నా నడుముకు ముడి వేశాక
గోటితో రెండుసార్లు తట్టేవాడు,
పుచ్చకాయ పండిందో లేదో చూసేవాడిలా.
ఆ టకటక వినపడకపోతే
ఇప్పటికీ నాకు అడుగు పడదు.
ఇవాళ నా ముడి నేనే తట్టుకున్నాను.

నా ఇరవై రెండో ఏట
దక్షిణపు కొమ్ము కింద, శిఖరం అరగంట ఉందనగా
గోరంత మబ్బును చూసి
"దిగుదాం" అన్నాడు.
గోరంత.
నేను మంచుగొడ్డలి విసిరేశాను.
ఆయనే దిగి వెతికి, చొక్కాకు తుడిచి
నా చేతిలో పెట్టి "కొండకేం తొందర" అన్నాడు.
ఆ మబ్బు చినుకైనా రాల్చలేదు.
సాయంత్రమంతా శిఖరం పచ్చగా మెరుస్తూ
నన్ను వెక్కిరించింది.
పదకొండు రోజులు ఆయనతో మాట్లాడలేదు.
పన్నెండో రోజు తాడు పట్టుకుని వెళ్తే
ఏమీ జరగనట్టు ముడి తట్టాడు.

పదింటికి కనుమ కనబడింది.
అక్కడి రాతిలో ఆయన కుర్రతనంలో దిగ్గొట్టిన
ఇనుప మేకుంది, తుప్పుపట్టిన ఉంగరంతో.
దానికి ఈ తాడు కట్టి రావాలని మా అనుకోలు.
త్సియూరి ముందు నడుస్తోంది,
అవే భుజాలు,
ఎడమ పాదం అలాగే కాస్త బయటికి.
నా అడుగు కింద మంచు బోలుగా మోగింది,
ఖాళీ కడవను వేలితో కొట్టినట్టు.

"దిగుదాం" అన్నాను.
నా నోట్లోంచి వచ్చేదాకా తెలియలేదు
ఆ మాట ఎంత బరువో.

"రెండొందల అడుగులే! తాతయ్య కోసం!"
వార్డెన్ తన బూట్లు చూసుకున్నాడు.
ఎండ కాస్తోంది. ఆకాశంలో వంక పెట్టడానికి ఏమీ లేదు.
రేపు ఎవరైనా ఈ మంచు మీదే దాటిపోతారేమో,
పాటలు పాడుకుంటూ.
అయినా దిగుదాం.

పేరులేని ఒక రాయి మీద రొట్టె తుంచి పెట్టి
ఉప్పు చల్లి, సారా మూడు చుక్కలు వేశాను.
పోయినవాడి పేరు పైకి చెప్పాలి.
గొంతు పెగల్లేదు.
వార్డెన్ చెప్పాడు, పొద్దుట్నుంచీ అతనన్న మొదటి మాట:
"బిముర్జా, నిచ్చెనలు చూసుకో."
నవ్వామో ఏడ్చామో
గాలి రెండూ కలిపి పట్టుకుపోయింది.

తాడును మళ్ళీ సంచిలో పెట్టుకున్నాం.

దిగుతున్నంతసేపూ త్సియూరి నోరు విప్పలేదు.
పదకొండు రోజులు పట్టొచ్చు.
నాకేం తొందర.
నిట్రంగా జారే బండ దగ్గర
ముగ్గురం కొత్త తాడు కట్టుకుంటుంటే
ఆ పిల్ల నా దగ్గరికొచ్చి, నా ముఖం చూడకుండా
నా ముడి మీద గోటితో తట్టింది.
ఒక్కసారే.
రెండోది బాకీ పెట్టుకుంది.